మజ్జిగతో కడిగిన చేతులు

మిరపకోతల రోజుల్లో ఎలీసమ్మ మజ్జిగతో చేతులు కడుక్కున్నాకే బిడ్డకు పాలిస్తుంది. ఎంత కడిగినా వేళ్ల సందుల్లో మంట పోదు. అందుకే రొమ్మును చేత్తో తాకదు. గట్టు మీద కూర్చుని, మోచేతి వంపుతో వాడి తలను దగ్గరికి తెచ్చుకుంటుంది. కాన్పయ్యాక ముట్టు రాకపోయినా ఆమెకు దిగులు లేదు. పాలిచ్చే తల్లికి కడుపు రాదని అత్త పుల్లమ్మే చెప్పింది.

ఆ మధ్యాహ్నం పిల్లవాడు రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకున్నాడు. ఘాటు తగిలిందేమోనని ఆమె మళ్లీ చేతులు కడుక్కుని, తడికొంగుతో రొమ్ము తుడిచింది. వాడు నోరు పెట్టకుండా ఏడ్చాడు.

"ఎన్నిసార్లు తోముతావే, అదేమన్నా అంట్లగిన్నా?" అని నవ్వుతూ వచ్చిన పుల్లమ్మ, మనవణ్ణి చూసి నవ్వు ఆపింది. "ఏమే, పొద్దున కక్కావా?"

"ఎండకు తిప్పిందత్తా."

"ఎండ గాదే. మళ్లీ కడుపొస్తే పాల రుచి మారిపోద్ది. చంటోడికే ముందు తెలిసిద్ది."

"నువ్వే గదత్తా రాదన్నావు? వీడికింకా పళ్లన్నా రాలేదు. ఏం పెట్టి బతికించను?"

పుల్లమ్మ మిగిలిన మజ్జిగతో తన చేతులు కడుక్కుని బిడ్డను అందుకుంది. ఎలీసమ్మ అటు తిరిగి కూర్చుని, చేపుకొచ్చిన పాలను ఎవరూ తొక్కని చోట, మిరపమొక్క మొదట్లో పిండింది. వేళ్ల మంట రొమ్ముకు తగిలింది. అయినా చెయ్యి తియ్యలేదు.