నీళ్లు పడ్డాక బిడ్డ

ఆ రోజుల్లో మా కంబదూరు పక్క పల్లెల్లో ఏ పని గురించి అడిగినా ఒకటే జవాబు, వాన పడనీ అని. ఇంటి కప్పు మార్చాలన్నా వాన పడనీ, ఎద్దును కొనాలన్నా వాన పడనీ. వాన మాత్రం ఎవరినీ అడగకుండానే పడడం మానేసింది. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. తలుచుకుంటే నవ్వు వస్తుంది గాని కోపం మాత్రం ఇంకా పోలేదు. (ఆ కోపాన్ని మెత్తగా మార్చి రాయొద్దని పిల్లకు ముందే చెప్పాను.)

నాకు పెళ్లయిన ఏడాదే కరువు. మా బావగారి బిడ్డ, తొమ్మిది నెలల పిల్ల, వాంతులూ విరేచనాలతో పోయింది. తల్లికి పాలు ఎండిపోయాయి. ఊరి బావిలో మిగిలింది బురద, దాన్నే గుడ్డలో వడగట్టి తాగించాం. ఆ పిల్లను చేతుల మీద మోసుకుపోయి పూడ్చి వచ్చింది మా ఆయన. మర్నాడు నాతో అన్నాడు, చేనులో బావి తవ్వుతాను, నీళ్లు పడ్డాకే మనకు బిడ్డ అని. నేను ఏడుస్తూనే తల ఊపాను. ఒక ఏడాది మాట కదా అనుకున్నాను. వాళ్ల అమ్మకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే దానికీ తల ఊపాను. ఆ వయసులో నా తల ఉన్నది ఊపడానికే కాబోలు.

ఆయనా మా మరిదీ ఎండాకాలమంతా తవ్వేవాళ్లు. రెండు నిలువుల లోతులో బండ తగిలింది, ఆ తర్వాత రోజుకు గంపెడు రాళ్లు వస్తే గొప్ప. చీకటి పడితే మా ఆయన గొంగడి చంకన పెట్టుకుని చేనుకే పోయి పడుకునేవాడు. ఎందుకని అడిగితే బావికి కాపలా అనేవాడు. నీళ్లు లేని గుంతను ఎవడు ఎత్తుకుపోతాడని ఊళ్లో ఒక్కరూ ఆయనను అడగలేదు. ఇంకా విశేషం లేదా అని నన్ను మాత్రం అందరూ అడిగారు. ఆ ఏడే బడి గోడ మీద ఎర్ర త్రికోణం గీసి, తక్కువ పిల్లల్ని కనమని రాసి పోయారట. ఊరందరిలో ఆ గోడ మాట విన్నది మా ఆయన ఒక్కడే, అదీ గోడ అడిగిన దానికంటే ఎక్కువగా.

మూడో ఏడు వచ్చేసరికి నా కడుపు సంగతి మా అత్త తన చేతుల్లోకి తీసుకుంది. పరగడుపున వేపాకు ముద్ద, పొద్దుగూకితే ఎవరో ఇచ్చిన విబూది. ఒకసారి ఏదో వేరు అరగదీసి తాగిస్తే మూడు రోజులు చెంబు పట్టుకుని తుమ్మచెట్ల చాటుకు తిరిగాను. చుట్టుపక్కల ఏ అమ్మవారి గుడి దగ్గర చూసినా మా ఇంటి కోడే. ఆ మొక్కు కోడి కూర మా ఆయన కూడా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంకో రెండు ముక్కలు వేయించుకుని తినేవాడు. ఆ దవడలు ఆడుతుంటే చూస్తూ నేను వడ్డించేదాన్ని. విత్తనం శెనక్కాయలు ఒలిచే చోట నా చేతిలోని చేటను ఒకామె మెల్లగా తీసి పక్కన పెట్టింది. గొడ్రాలి చెయ్యి తగిలితే విత్తనం మొలవదట. నా చెయ్యి తగలకపోయినా ఆ ఏడు మొలవలేదు. అది ఎవరి చేతి పాపమో ఎవరూ చెప్పలేదు.

నాలుగో ఎండాకాలంలో మా అత్త టెంకాయాయనను పిలిపించింది. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరుగుతాడు, అది లేచి నిలబడిన చోట నీళ్లున్నాయంటాడు. మా బావికి చోటు చూపించిందీ ఆయనే. ఇప్పుడు లోపలి ఎండు బండను చూసి, గొంతు సవరించుకుని, తప్పు ఎవరి మీద వేద్దామా అని అటూ ఇటూ చూశాడు. సరిగ్గా అప్పుడే నేను నెత్తిన సంగటి గంపతో వచ్చాను.

ఈమెకు కాన్పు కాలేదా అని అడిగాడు. లేదంది అత్త.

“ఇంగేముండాది తల్లీ. కడుపు పండని ఆడది బువ్వ మోసుకొస్తాంటే జల పక్కకు పోదా?”

గట్టు మీద పదిమంది ఉన్నారు, పదిమందీ నా వైపు తిరిగారు. నీళ్లు లేవని నాకు బిడ్డ లేదు. నాకు బిడ్డ లేదని నీళ్లు లేవట. మా అత్త గొంతు పెంచకుండానే అంది, “నీళ్లు పడేదాంక మీ నాయనింటికాడ ఉండుపో మే.” పక్కనున్న ఒకామె, మా అత్త తమ్ముడి కూతురు ఈడుకొచ్చిందని గుర్తు చేసింది. లోపల గడ్డపార చప్పుడు ఆగింది. మా ఆయన అంతా విన్నాడు, ఇప్పుడు నోరు విప్పుతాడు అనుకున్నాను. కాసేపటికి గడ్డపార మళ్లీ మొదలైంది.

ఆ చప్పుడుకే నాకు ఒళ్లు మండింది. బావికి పై సగం మెట్లు చెక్కారు, కింది సగానికి వెదురు నిచ్చెన. మా మరిది నీళ్లు తాగడానికి పైకి వచ్చి ఉన్నాడు. నేను బువ్వ ఇవ్వబోతున్నట్టే దిగి, ఆఖరి మెట్టు మీద నిలబడి, నిచ్చెనను పైకి లాగి మెట్లకు అడ్డంగా పెట్టుకుని దాని మీదే కూర్చున్నాను. మరిది దిగబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు.

“నిచ్చెన ఎయ్యి మే,” అన్నాడు మా ఆయన కింది నుంచి.

“ఎయ్యను. నేను గొడ్రాలినా కాదా, పైన వాళ్లకు వినపడేటట్ల చెప్పు.”

“ఇంటికి పోయి మాట్లాడుకుందాం లే.”

“ఇంటికి పోయేదానికి నిచ్చెన కావల్ల గదా.”

నాకు కోపం వస్తే ఆకలి ఎక్కువ, గంపలోని మూట విప్పి ఆయన సంగటి ముద్దను ఆయన కళ్లముందే శెనక్కాయల ఊరిబిండి నంజుకుని తినడం మొదలుపెట్టాను. (ఇది చెప్పుకోవడానికి సిగ్గే, కానీ రుచిగా ఉండింది.) సగం ముద్ద అయ్యాక ఆయన తల ఎత్తాడు.

“నేనే వద్దంటి,” అన్నాడు. బావి గోడలు ఆ మాటను రెండుసార్లు చెప్పాయి. “నీళ్లు పడేదాంక బిడ్డ వద్దని నేనే అంటి. కని ఏం తాపల్ల? అన్న బిడ్డను మోసిన చేతులు ఇవి.”

ఆ చేతుల వైపు చూశాను. కానీ కోపం గొంతులోనే ఆగే రకం కాదు. “ఆ బిడ్డకు ఆఖరు గుక్క తాపించింది నేను,” అన్నాను. “నీకు భయమైతే భయమని చెప్పు. నీ భయాన్ని నాలుగేండ్లు నేను మోస్తాంటే నువ్వు కోడి కూర తింటాంటివి.”

కోళ్ల మాట వినగానే మా అత్తకు సంగతి పూర్తిగా అర్థమైంది. గట్టు మీది మట్టిపెడ్డ తీసి కొడుకు మీదికి విసిరింది. గుంతకు కాపలా పోయేది ఇందుకా అని మొదలుపెట్టి, ఏ అమ్మవారికి ఏ రంగు కోడి పోయిందో వరసగా చెబుతూ ఒక్కో కోడికి ఒక్కో పెడ్డ వేసింది. టెంకాయాయన జారుకోబోతే చేతిలోని టెంకాయను లాక్కుని, చట్నీకి పనికొస్తుందని కొంగున కట్టుకుంది. నాకు మాత్రం ఒక్క మంచి మాట చెప్పలేదు, అప్పుడే కాదు, తర్వాత కూడా.

పెడ్డల వాన తగ్గాక కింది నుంచి మెల్లగా వినిపించింది, “ఇప్పుడు ఏం చేద్దామంటావు?” నాలుగేళ్లలో ఆ మాట నన్ను అడగడం అదే మొదటిసారి. నిచ్చెన దించాను.

మరుసటి ఏడు కూతురు పుట్టింది. ఆ ఏడూ కరువే. రాగి గంజితో, పక్కింటి మేక పాలతో, మా అత్త తిట్లతో ఆ పిల్ల బతికింది. నీళ్లు మరిగించకుండా చుక్క కూడా తాగనిచ్చేవాడు కాదు వాళ్ల నాయన. బావిలో మాత్రం నీళ్లు పడలేదు. వానొస్తే వారం రోజులు మడుగు, లేకుంటే మేకలకు నీడ. అయినా మోకాళ్లు సహకరించినంత కాలం మా ఆయన ప్రతి ఎండాకాలం గడ్డపార తీసుకుని దిగేవాడు. దిగే ముందు నేనెక్కడ ఉన్నానో ఒకసారి చూసుకునేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది.

ఇక్కడికి వచ్చేసరికి మనవరాలు కలం పక్కన పెట్టింది. పెళ్లయి రెండేళ్లు దానికి. మొగుడికి బెంగళూరులో ఉద్యోగం, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, అది గట్టిపడ్డాకే పిల్లలట. తిట్టు నా నోటిదాకా వచ్చింది. “ఆ మాట ఎవురన్నారు? నువ్వా, ఆయప్పా?” అన్నాను.

“ఇద్దరమూ అనుకుంటిమి అవ్వా,” అంది.

తిట్టును మింగేశాను. ఆ ఇద్దరమూ అనే మాట కోసం నేను మిట్టమధ్యాహ్నం ఎండలో వెదురు పేళ్లు గుచ్చుకుంటున్నా నిచ్చెన మీద కూర్చోవలసి వచ్చింది, దీనికి కూర్చున్న చోటే దొరికింది. సంతోషించాలో కుళ్లుకోవాలో తెలియక నవ్వాను. అయినా ఇంట్లో ఒక నిచ్చెన పెట్టుకో అని చెప్పాను. మూడో అంతస్తు ఇంట్లో నిచ్చెన ఎందుకు అవ్వా అంటూ అది రాస్తోంది.