రొట్టె మీద రెండు గుంటలు

నా కుడిచేతికి ఆపరేషన్ అయిన పన్నెండో రోజున నేను చేసిన ఘనకార్యం వల్ల, జహీరాబాద్‌లో ఒక పెద్దమనిషి జొన్న రొట్టె తింటూ నోట్లోంచి జానెడు గుడ్డ లాగాడు. ఆ ఘోరమే చెప్పబోతున్నాను. నవ్వండి, ఏమీ అనుకోను. జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్లు మండుతుంది.

అవి నిజాం రోజులు, పెద్ద యుద్ధం జరుగుతున్న కాలం. స్టేషన్ దగ్గర వీరప్ప నడిపే భోజనాల ఖానావళిలో రొట్టెలు చేసేవాణ్ణి. నాకు నలభై ఏళ్లు దాటాయో లేదో, కుడి అరచేతిలో చిటికెన వేలి కింద కాయ కట్టినట్టు గట్టిపడింది. అదే తాడులా సాగి ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ లోపలికి లాగేసింది. నొప్పి లేదు, కానీ చాపుదామంటే అవి చాచుకోవు. జొన్న రొట్టె తట్టాలంటే అరచెయ్యి మొత్తం పిండి మీద ఆనాలి. నేను చేసిన ప్రతి రొట్టెకీ రెండు గుంటలు పడేవి.

బట్టల దుకాణం కరీం సాబ్ మాకు రోజువారీ గిరాకీ. "ఏందివయా సంగయ్యా, రొట్టె మీద కోడి నడిచిందా?" అని అందరి ముందూ అడిగేవాడు.

"గుంటల కారం పెట్టుకో సాబ్, నీకే ఆసాన్," అనేవాణ్ణి. లోపల మాత్రం కుమిలిపోయేవాణ్ణి.

చివరికి వీరప్ప తేల్చేశాడు. "పట్నం పోయి దవాఖానల చూపించుకో. లేకుంటే పొయ్యి కాడ ఇంకొకర్ని కూసోవెడ్త."

రైలెక్కి పట్నం వెళ్లాను. డాక్టర్ చెయ్యి తిప్పి చూశాడు. "తోలు కింద పొర దళసరైంది. కోసి తీసేస్తం. తర్వాత ఆరు వారాలు వేళ్లు చాపి చెక్క పలకకు కట్టి ఉంచాలె. నీళ్లు, పిండి, పొయ్యి ముట్టొద్దు. సమజైందా?"

"సమజైంది," అన్నాను. నాకు సమజైంది కోసి తీసేయడం వరకే.

పన్నెండో రోజున తిరిగొచ్చేసరికి నా పీట ముందు వీరప్ప మరదలు మల్లమ్మ కూర్చుని ఉంది. న్యాల్‌కల్ నుంచి పిలిపించారట. ఆమె రొట్టెకు గుంట లేదు, పగులు లేదు. కరీం సాబ్ నన్ను చూసి మరీ, "రొట్టె అంటె గిట్లుండాలె!" అన్నాడు.

నా పొయ్యి నా కళ్లముందే పోతోంది! ఊరుకుంటానా?

"జర లెవ్వు మల్లక్కా."

"చేతికి కట్టుంది గద సంగన్నా! ఎట్ల చేస్తవ్?"

"కట్టుతోనే చేస్త. చూస్కో."

మీరే చెప్పండి, అరచేతికి కట్టిన పలక కన్నా చదునైనది ఏముంటుంది? డాక్టర్ నాకోసమే రొట్టెల పనిముట్టు తయారుచేసి పంపాడనిపించింది. టపటపా కొట్టాను. రొట్టె తాంబాళంలా గుండ్రంగా వచ్చింది. వీరప్ప నోరు తెరిచాడు, తింటున్నవాళ్లు లేచి నిలబడ్డారు. తడికి కట్టు సడలి, దాని అంచు చిరిగి పిండిలో కలిసిపోయిన సంగతి నేను చూసుకోలేదు. పొగడ్తలు వినే పనిలో ఉన్నాను.

మొదటి రొట్టె కాల్చి కరీం సాబ్‌కే పెట్టించాను. ఆయన ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. రెండు వేళ్లతో నోట్లోంచి ఏదో లాగాడు. ఇంకా లాగాడు.

"సంగయ్యా, రొట్టెల సేమియా ఎందుకేసినవ్?"

మల్లమ్మ నా చెయ్యి చూసి కెవ్వుమంది. "అది సేమియా కాదు సాబ్, ఈయన పట్టీ!"

"యా అల్లా!" అంటూ కరీం సాబ్ బయటికి పరుగెత్తాడు. అప్పుడు చూసుకున్నాను, పలక ఎర్రగా తడిసి ఉంది. కుట్లు విడిపోయాయి.

మళ్లీ రైలు, మళ్లీ పట్నం. "ఎవడయా ఈ పని చేసింది?" అని డాక్టర్ అరిచాడు.

"నేనే డాక్టర్ సాబ్. రొట్టె మాత్రం గుండ్రంగ వచ్చింది," అన్నాను. తగ్గేది లేదు.

చిటికెన వేలు చక్కబడింది. ఉంగరపు వేలు మాత్రం సగం వంకరగానే ఉండిపోయింది. రెండు నెలల తర్వాత, మల్లమ్మ ఊరికి వెళ్లిన రోజున, వీరప్ప నన్ను పీట ముందు కూర్చోబెట్టాడు. "ఈ ఒక్క పూట చూస్త," అన్నాడు. రొట్టె చేశాను. ఒక గుంట పడింది.

కరీం సాబ్ రొట్టెను అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టీ కోసం వెతుకుతున్నాడనుకున్నాను. గుంటలో కారం పెట్టుకుని, కుసుమ నూనె గిన్నె చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు.

"రెండో గుంట ఏమాయె? నూనె యాడ పోసుకోవాలె? మల్లమ్మ రొట్టె మీదికెల్లి రెండు నెలలు నూనె కారుడే కారుడు!"

వీరప్ప నవ్వేశాడు. పొయ్యి నాదైంది.

ఆ పొయ్యి సాక్షిగానే ప్రమాణం చేశాను, కట్టున్న చేత్తో మళ్లీ జన్మలో పిండి ముట్టను. మిగిలిన వేలు కూడా చక్కచేస్తామని ఎవరైనా వస్తే, ముందు కరీం సాబ్‌ను అడిగి రమ్మంటాను.