కార్తీక సోమవారం అంబలి

పాతపట్నం పక్క పల్లెలో ఊడ్పులకు దిగితే నీలవేణిదే ముందు వరస. అలాంటి మనిషి రెండేళ్ల కిందట మంచం పట్టింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తల దువ్వుకోవాలన్నా ఏడుపొచ్చేది. ఊరు ఊరుకుంటుందా, గాలి సోకిందంది, ఒళ్లు బరువంది. ఆ మాటలన్నీ విన్నాక భర్త గంగులు ఆమెను శ్రీకాకుళం తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ అది డిప్రెషననీ, మందులు వాడితే తగ్గుతుందనీ చెప్పింది.

తగ్గింది కూడా. అంతలో కార్తీకం వచ్చింది. సోమవారం చుక్క కనబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టని ఇల్లు అది. మాత్రేమో పొద్దున్నే తిన్నాక వేసుకోవాలి. ఉపవాసం కదా అని నీలవేణి మానేసింది. ఏమీ కాలేదు. మర్నాడూ మానేసింది. ఆ తర్వాత మాత్రల డబ్బా అటకెక్కింది, కొన్నాళ్లకు నీలవేణి మళ్లీ మంచమెక్కింది.

మళ్లీ తీసుకెళ్తే డాక్టరమ్మ కేకలేయలేదు. "బాగుందనిపించినా నన్నడక్కుండా ఆపకమ్మా. వేళకు తిను, కాస్త నడువు, నిద్ర చెడగొట్టుకోకు. నీ ఒంటిని నువ్వే కనిపెట్టుకోవాలి" అంది.

ఈ ఏడాది నీలవేణి ఆ పనిలోనే ఉంది. తెల్లారగానే పొలం గట్ల మీద నడుస్తుంది. పండగ కాకపోయినా తలలో కనకాంబరాలు పెట్టుకుంటుంది. మనసు బాగోని రోజు దాచుకోకుండా పక్కింటి లక్ష్మణమ్మకు చెప్పేస్తుంది. రాగిపిండితో కాచిన చోడి అంబలి ఉల్లిపాయ నంజుకుని తాగి, మాత్ర వేసుకుంటుంది. ఈమధ్య అంట్లు తోముతూ కూనిరాగాలు కూడా తీస్తోంది. హాయిగా ఉంది.

మళ్లీ కార్తీకం రానే వచ్చింది. అత్త మరిడమ్మ ఆ నెలంతా ఉల్లిపాయను గడప దాటనివ్వదు. ఈసారి ఉపవాసం ఉండలేనని ఆవిడకు చెప్పాలని ఆదివారమంతా తిరిగి తిరిగి, నీలవేణి చెప్పకుండానే పడుకుంది. సోమవారం తెల్లారి అత్త నూతి దగ్గర స్నానం చేస్తుంటే, వంటింటి తలుపు చాటున నిలబడి అంబలి గ్లాసెత్తింది.

"ఏటే, నిలబడి తాగతన్నావు?"

తడిచీరతో మరిడమ్మ. నీలవేణి తలుపు చాటునుంచి ఇవతలికొచ్చింది. గ్లాసు దాచలేదు.

"ఈ ఏడు నాను ఉపాసం ఉండలేనత్తా. తిని మాత్రేసుకోవాల. మళ్లీ ఆ మంచం నావల్ల కాదు."

మరిడమ్మ గిరుక్కున తిరిగి పెరట్లోకి వెళ్లిపోయింది. ఇక నెలంతా మూతి ముడుపే అనుకుంది నీలవేణి. అయినా ఇంకో గుక్క తాగింది.

అత్త తిరిగొచ్చింది. నెల మొదట్లో పశువుల శాలలోకి గెంటేసిన బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తెచ్చి, పొట్టు తీసి కోడలి ముందు పెట్టింది.

"కూకొని తాగు. దొంగతనం సేత్తన్నావేటి? ఉత్తి అంబలి నీకు గొంతు దిగదు కదా."

"తానం సేసొచ్చి ఉల్లిపాయ ముట్టుకున్నావేటత్తా?"

"మళ్లీ సేత్తాను. నుయ్యెక్కడికీ పోదు. పోయినేడు మంచం మీద నిన్ను సూళ్లేక సచ్చేను. మాత్రేదీ, ఏసుకో."

నీలవేణికి ప్రాణం లేచొచ్చింది. పీట వాల్చుకుని కూర్చుంది, ఉల్లిపాయ కొరుకుతూ అంబలి తాగింది, మాత్ర మింగి నోరు తెరిచి చూపించింది. అప్పుడుగాని మరిడమ్మ బకెట్టు పట్టుకుని మళ్లీ నూతి దగ్గరికి కదల్లేదు.