ఆల్టర్నేటర్ సంగతి ముందే చెప్పిన మా తోడికోడలు

మా మరిదికి పెళ్లయ్యేదాకా మా ఇంట్లో కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. హఫీజ్‌పేట్ నుంచి హైటెక్ సిటీకి రోజూ ఆ ట్రాఫిక్‌లో నేనే నడుపుకుంటూ వెళ్తానని మా అత్తయ్య చుట్టాలందరికీ చెప్పుకునేది. "మా పెద్దకోడలికి భయమన్నది లేదండీ" అనేది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టేది కాదు.

తర్వాత తోడికోడలు వచ్చింది. జీడిమెట్ల పిల్ల. వాళ్ల నాన్నది లారీల కరెంటు పనులు చేసే దుకాణం. వైర్ల మధ్య ఆడుకుంటూ పెరిగిందట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, మా ఆఫీసుకు రెండు బిల్డింగులు అవతల. ఆరు నెలలు తిరక్కుండానే అత్తయ్య మిక్సీ ఆగినా, ఇన్వర్టర్ కూసినా పై అంతస్తులో ఉన్న ఆమెనే కేకేయడం మొదలుపెట్టింది. పదేళ్ల మా పాప బడి నుంచి రాగానే బ్యాగు సోఫాలో పడేసి "పిన్నీ" అంటూ పైకి పరిగెత్తేది. నాకు కడుపు మండేది. పైకి మాత్రం నవ్వుతూ పకోడీల ప్లేటు ఇచ్చి పంపేదాన్ని.

ముగ్గురం ఒకే కారులో వెళ్లేవాళ్లం. పాపను బడి దగ్గర దింపి మేం ఆఫీసులకు. ఒక పొద్దున సెల్లార్‌లో చీకటిగా ఉందని లైట్లు వేశాను. ఎదురుగా గోడ మీద వెలుగు పడింది. పక్క సీట్లోంచి తోడికోడలు దాన్నే చూస్తూ, "అక్కా, జర ఎక్సలేటర్ తొక్కుర్రి" అంది. తొక్కాను. "ఇగ వదలుర్రి." వదిలాను.

"చూసిన్రా, తొక్కితే లైట్ పెరుగుతంది, వదిలితే డల్ అయితంది. ఆల్టర్నేటర్ పోతున్నట్టుంది అక్కా. బాపు దుకాణంల కరెంటు చూసే మీటర్ ఉంటది, తెస్త. రెండు నిమిషాల పని."

"అవసరం లేదమ్మా. బ్యాటరీ పాతబడింది, అంతే" అన్నాను. నా కారు గురించి నాకు ఆమె చెప్పడమేమిటి?

ఆమె వాదించలేదు. వెనక్కి తిరిగి పాపకు చెప్పడం మొదలుపెట్టింది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించేది ఆల్టర్నేటరట. అది పాడవుతుంటే బండి ముందే చెబుతుందట. కిటికీ అద్దాలు మెల్లగా లేస్తాయి, లోపలి నుంచి సన్నగా మూలిగినట్టు చప్పుడొస్తుంది, స్టీరింగ్ ముందున్న మీటర్ల దగ్గర ఎర్రగా బ్యాటరీ బొమ్మ వెలుగుతుంది. "అది వెలిగితే అమ్మకు చెప్పు, సరేనా" అంది. పాప సీటు అంచుకు జరిగి, తల ముందుకు పెట్టి ఆ మీటర్లనే చూసింది. నేను చెప్పే లెక్కలు ఎన్నడైనా అంత శ్రద్ధగా విందా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఫోన్ చేసి ఆఫీసు పార్కింగ్‌లోనే కొత్త బ్యాటరీ వేయించాను. సాయంత్రం తాళం తిప్పీ తిప్పగానే బండి లేచింది. "చూశావా, బ్యాటరీయే" అన్నాను. "మంచిగైంది అక్కా" అంది. ఆమె మొహం చిన్నబుచ్చుకుంటే చూడాలనుకున్నాను. అదీ జరగలేదు.

తర్వాతి వారం ఆమెకు ఇంటి నుంచే పని. పక్క సీటు ఖాళీ. హాయిగా ఉందనుకున్నాను. మంగళవారం అద్దం పైకి లేవడానికి ఆయాసపడింది. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ గాలి నీరసించింది. మీటర్ల పక్కన ఎర్ర బొమ్మ వెలిగీ వెలగనట్టు కనిపించింది. ఎండ పడి అలా ఉందనుకున్నాను. ఆ రోజు ఎండే లేదు.

శనివారం మాదాపూర్‌లో ఒక బడిలో పాపకు చెస్ పోటీ. తొమ్మిదింటికి బల్ల ముందు కూర్చోవాలి. రెండు నెలలుగా దాని కోసమే సాధన చేస్తోంది. వాన మొదలైంది. లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేశాను. కొండాపూర్ దాటకముందే వైపర్లు నెమ్మదించి అద్దం మధ్యలో నిలబడిపోయాయి. ఆ వెనకే ఇంజన్ ఆగింది. తాళం తిప్పితే టక్ మంది, అంతే. ట్రాఫిక్ కానిస్టేబులూ ఇద్దరు డెలివరీ వాళ్లూ కలిసి బండిని పక్కకు నెట్టారు.

"పిన్నికి ఫోన్ చెయ్యమ్మా. స్కూటీ మీద వచ్చేస్తుంది" అంది పాప.

"అక్కర్లేదు, ఆటో పిలుస్తాను" అన్నాను.

మూడు ఆటోలు ఒప్పుకున్నట్టే ఒప్పుకుని రద్దు చేసుకున్నాయి. నాలుగోది వచ్చింది. మేం చేరేసరికి తొమ్మిదిన్నర. మొదటి ఆట ఎదుటి పిల్లాడు గెలిచినట్టు రాసేశారు. రెండో ఆటకు కూర్చోబెట్టమన్నారు.

వరండాలో చున్నీతో పాప తల తుడుస్తూ, "బండి ఇలా చేస్తుందని ఎవరికి తెలుసు" అన్నాను.

"నాకు తెలుసు. మంగళవారం ఎర్ర లైటు వెలిగింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వూ చూశావుగా. పిన్ని చెప్పింది నిజమైతే నీకు కోపం వస్తుంది. అందుకే చెప్పలేదు."

నన్ను తప్పుపట్టినట్టు కూడా అనలేదు. బడిలో టీచరు పెట్టిన రూలేదో చెప్పినట్టు చెప్పింది. తోడికోడలి మీద నా ఏడుపు ఎవరికీ తెలియదనుకున్నాను. నా బిడ్డకు తెలుసు. నా పరువు పోకూడదని అయిదు రోజులు నోరు మూసుకుని వెనక సీట్లో కూర్చుంది. నాకు సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. చున్నీ భుజాన వేసుకుని నిలబడ్డాను. లోపల పేరు పిలిచారు, పాప వెళ్లిపోయింది.

ఫోన్ తీసి తోడికోడలికి చేశాను. నా అంతట నేను ఆమెకు ఫోన్ చేయడం అదే మొదలు. బండి ఆగిపోయిందని, మొదటి ఆట పోయిందని, తను చెప్పిందే నిజమని గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఇప్పుడంటుంది, నేను ముందే చెప్పిన కదా అని. ఆ మాట అంటే బాగుండునని కూడా అనిపించింది, కాస్త కోప్పడ్డానికి వీలుగా.

"బండి సంగతి బాపు చూసుకుంటడు, ఫికర్ చెయ్యకుర్రి" అంది. ఆ వెంటనే, "పాప ఏడ్సిందా అక్కా?" అంది.

ఆటో వచ్చేదాకా రోడ్డు పక్కన పాప మొహం తడిగానే ఉంది. వాన నీళ్లే అనుకుని నేను ఫోన్‌లో ఆటో కోసం చూసుకుంటూ ఉండిపోయాను.