పక్కన నిలబెట్టుకున్న మనిషి

ఈ అరబ్బు దేశంలో మేముండే నయీమ్ పేటలో, మా గది కింద ఉన్న చాయ్ కొట్టులో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. మొన్న శుక్రవారం సాయంత్రం అందులో అమెరికా ఎన్నికల ముచ్చట వస్తోంది. అధ్యక్ష పదవికి నిలబడిన ఆయన తన పక్కన ఉపాధ్యక్షుడిగా ఎవరిని పెట్టుకుంటాడన్నది అక్కడ పెద్ద చర్చట. ఏ రాష్ట్రం వాడైతే ఎన్ని ఓట్లు కలిసొస్తాయి, ఆడమనిషైతే లాభమా, వయసులో ఉన్నవాడైతే లాభమా అని కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు తెగ లెక్కలు వేస్తున్నారు. కొట్టులో కూర్చున్న మావాళ్ళు కూడా, అమెరికాలో తమకు ఓట్లున్నట్టే, తలా ఒక సలహా పారేస్తున్నారు. నేను చాయ్ ఊదుకుంటూ లోలోపల నవ్వుకున్నాను. ఎందుకంటే ఆ లెక్కలన్నీ ఒకప్పుడు నేనూ వేశాను, వేసి బోల్తా పడ్డాను. నాది అమెరికా కాదు లెండి, ఇక్కడి మా తెలుగు కార్మికుల సంఘం. అయినా నిలబడేవాడికి తన కుర్చీ ఎప్పుడూ పెద్దదే.

నేను ఈ దేశం వచ్చింది మా బావ తీసిన వీసా మీద. బావంటే నా భార్యకు అన్న. ఆయన అప్పటికే ఇక్కడ ఒక కంపెనీలో క్యాంపు బాస్, అంటే ఏ గదిలో ఎవరుండాలి, బస్సు ఎన్నింటికి కదలాలి, వంటింట్లో ఎవరి వంతు ముందు అనేవన్నీ ఆయన నోటిమాట మీద నడిచేవి. నాకు అదే కంపెనీలో టైంకీపర్ పని దొరికింది. తెల్లవారకముందే బస్సు తలుపు దగ్గర నిలబడి ఎక్కినవాళ్ళ పేర్లు రాసుకోవడం, సాయంత్రం ఓవర్‌టైం ఎవరిదెంతో రాసుకోవడం నా డ్యూటీ. ఆ పని పుణ్యమా అని క్యాంపులో ప్రతివాడి మొహమూ నాకు తెలుసు. ఎవడు దగ్గుతున్నాడో, ఎవడు కుంటుతున్నాడో, ఎవడు జ్వరాన్ని దాచుకుని బస్సెక్కుతున్నాడో ఆ మెట్టు దగ్గర నిలబడినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అదే క్యాంపులో చెక్కపని చేసేవాడు. ఒకరోజు మేకు కొడుతుంటే చిన్న ఇనుప ముక్క ఎగిరి కంట్లో పడింది. నీళ్ళతో కడుక్కున్నాడు, పడుకున్నాడు, మరునాడు ఎర్రటి కన్నుతో బస్సెక్కాడు. ఆసుపత్రికి పొమ్మని నేను రోజూ పోరేవాణ్ణి. కౌంటరు దగ్గర అరబ్బీలోనో ఇంగ్లీషులోనో ఏదో అడుగుతారు, నాకేం చెప్పరాదు, ఆ చీటీ ఎటు పట్టుకుపోవాలో కూడా తెలీదు, నువ్వు తోడొస్తే పోతానన్నాడు. వస్తాను, వస్తానని నేను వారాలు గడిపాను. నాకూ డ్యూటీ ఉండేది మరి. చివరికి ఇద్దరం వెళ్ళేసరికి ఆ కంటి చూపు ఇక రాదని డాక్టరు చెప్పాడు. అన్న నల్లద్దాలు కొనుక్కుని ఊరికి వెళ్ళిపోయాడు. ఆ వారాలను నేను ఇప్పటికీ నా తప్పు కిందే రాసుకుంటాను.

అదుగో, అప్పుడు పట్టింది నాకు పంతం. రోగమొచ్చిన మనిషి ఒంటరిగా ఆసుపత్రి గడప తొక్కకూడదు, ఇక్కడి మాటొచ్చిన తెలుగువాడు ఒకడు వెంట ఉండి తీరాలి, దానికి సంఘం వంతులు పెట్టాలి అని. అప్పటి సంఘమంటే పండగకు భోజనాలు, వేదిక మీద శాలువాలు, అంతకుమించి ఏమీ లేదు. అడిగితే, అదంతా ఎంబసీ పనయ్యా అనేవారు. సరే, అధ్యక్షుణ్ణయితే తప్ప ఇది జరిగేది కాదని నేనే నిలబడదామనుకున్నాను.

మా సంఘంలో ఒక వింత నియమం ఉండేది. అధ్యక్షుడిగా నిలబడేవాడు ఒంటరిగా పేరు ఇవ్వడానికి లేదు. ఉపాధ్యక్షుడి పేరు కూడా అదే కాగితం మీద రాసి ఇవ్వాలి, గెలిస్తే ఇద్దరూ, ఓడితే ఇద్దరూ. ఆ నియమం పెట్టిన పాతవాళ్ళు ఎందుకు పెట్టారో మాకు ఎవరికీ పట్టలేదు. మేము దాన్ని ఓట్లు గుంజే ఉపాయం కిందే వాడుకునేవాళ్ళం. అధ్యక్షుడు తెలంగాణవాడైతే రెండోవాణ్ణి కోస్తా నుంచి తేవడం, ఆఫీసువాడైతే పక్కన కూలిపనివాణ్ణి పెట్టుకోవడం, ఇలా. నేను ఇంకా తెలివిగా ఆలోచించాననుకున్నాను. మా బావ చేతిలో మూడు క్యాంపులున్నాయి, ఆయన బస్సు పంపితే ఓట్లు వాటంతటవే దిగుతాయి. ఒక సాయంత్రం ఆయన గదిలో మటన్ కూరతో దావత్ చేసుకుని, నా కాగితం మీద రెండో పేరు మీదేనని మాటిచ్చి వచ్చాను.

కాగితం ఇవ్వడానికి ఇంకా నెలరోజులుందనగా నన్ను దూరంగా అవాలి వైపు సైటుకు పంపారు. అక్కడే ఉండి పనిచేయాలి, మధ్యలో వచ్చేందుకు లేదు. మా క్యాంపు తాపీమేస్త్రీ ఒకడు నాలుగు రోజులుగా కడుపు పట్టుకుని బస్సెక్కుతున్నాడని కబురొచ్చింది. బావకు ఫోన్ చేసి, రేపు పొద్దున వీణ్ణి మీరే దగ్గరుండి చూపించండి, మన సంఘం చేయబోయే పనికి ఇదే మొదలనుకోండి అని చెప్పాను. ఆయన సరేనన్నాడు. మరునాడు వ్యానులో తీసుకెళ్ళాడు కూడా. అయితే గేటు దగ్గర దింపి, లోపలికి పో, వాళ్ళే చూస్తారని చెప్పి తిరిగొచ్చేశాడు. ఆ మధ్యాహ్నం రెండో క్యాంపు పెద్దలను ఓట్ల కోసం భోజనానికి పిలిచాడట, వంట చూసుకోవాలి కదా.

మేస్త్రీ పొద్దంతా తనది కాని వరుసలో కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు. నొప్పి ఎక్కువై 'అవ్వా, అవ్వా' అని మూలుగుతుంటే, బీపీ మందుల కోసం వచ్చిన ఒకావిడకు ఆ తెలుగు మాట చెవిన పడింది. ఆవిడ కోస్తా ఆవిడ, మాకంటే పెద్దది, సీఫ్‌లో ఒక మాల్‌లో నేల శుభ్రం చేసే పని. అంతకుముందు చాలా ఏళ్ళు ఇక్కడి అరబ్బుల ఇంట్లో పనిచేసి అరబ్బీ బాగా నేర్చుకుంది. ఆవిడ చీటీ చూసి, నర్సును పిలిచి, డాక్టరుతో వాదులాడి వాణ్ణి లోపలికి చేర్పించింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమన్నారట. మధ్యాహ్నం ఆవిడకు డ్యూటీ ఉంది. వెళ్ళలేదు. వాడు కళ్ళు తెరిచేదాకా ఆ బల్ల మీదే కూర్చుని, మరునాడు సూపర్‌వైజర్ చేత చివాట్లు తిన్నది.

ఇదంతా మేస్త్రీ నోట విన్నరోజు నాకు ఒళ్ళు మండింది. బావ మీద కంటే నా మీద ఎక్కువ. అప్పుడే ఆ పాత నియమం కూడా బోధపడింది. మన బతుకు ఇక్కడ ఒక వీసా ముద్ర మీద నిలబడి ఉంది. రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి పోతాం, కంపెనీకి పని లేకపోతే ఉన్నపళంగా ఖలాస్ అంటుంది. అధ్యక్షుడు అలా విమానమెక్కిన మరునాడు సంఘం ఎవరి చేతిలో ఉంటుంది? పక్కన నిలబడినవాడి చేతిలోనే కదా. అలాంటప్పుడు ఎన్ని ఓట్లు తెస్తాడని కాదు చూడవలసింది. నేను లేని రోజున నేను అనుకున్న పని చేస్తాడా అని చూడాలి. ఇంత చిన్న సంగతి మేస్త్రీని ఆసుపత్రి గేటు దగ్గర వదిలేశాక గానీ నాకు తెలియలేదు.

ఆ తరవాతి శుక్రవారం మేస్త్రీ చెప్పిన గుర్తు మీద ఆవిడను వెతుక్కుంటూ తెలుగువాళ్ళ ప్రార్థన కూడికకు వెళ్ళాను. నేను దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించేవాణ్ణి, అక్కడ ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలియక చివరి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక నా పక్కన నిలబడమని అడిగితే ఆవిడ ముందు నవ్వేసింది. "నేను నేల తుడుచుకునేదాన్ని తమ్ముడూ, నన్ను చూసి ఎవరేస్తారు ఓటు?" అంది. నేను మా అన్న కంటి సంగతి చెప్పాను. ఆవిడ బైబిలు మూసి సంచిలో పెట్టుకుంది. తరవాత అంది, "సరే. కానీ నువ్వు సెలవుకెళ్ళినా, నిన్ను పంపించేసినా నేనీ పని ఆపను. తిరిగొచ్చి నీ పద్ధతి వేరు అన్నావంటే ఊరుకోను, ముందే చెప్తున్నా." నాకు కావలసిన మాట సరిగ్గా అదే.

బావకు చెప్పడం మాత్రం చావుకొచ్చింది. ఆయన కేకలు వేయలేదు, వేసినా బాగుండేది. "నేను వీసా తీస్తే అచ్చినవ్ బావా, గిప్పుడు నన్నే పక్కకు వెడ్తున్నవ్," అన్నాడు. మేస్త్రీ సంగతి ఎత్తితే, "వాడు బతికిండు గదా, ఇగ లొల్లి దేనికి?" అన్నాడు. ఆ రాత్రే నా భార్య ఊరి నుంచి ఫోన్ చేసి ఏడ్చింది, పుట్టింటి ముందు తల ఎట్లా ఎత్తుకోమంటావని. మాట తప్పినవాణ్ణి నేనే, అది నిజమే. అయినా మాట నిలబెట్టుకోవడం కోసం ఇంకొకరి కన్ను పోగొట్టలేనని అనుకుని, పొద్దున్నే వెళ్ళి ఆవిడ పేరు రాసి కాగితం ఇచ్చేశాను. బావ ఇంకొకరి జోడీగా నా మీదే నిలబడ్డాడు.

ఓట్ల రోజున మా క్యాంపు బస్సు పాడైందన్నారు. మిగతా రెండు క్యాంపుల బస్సులూ అదేరోజు పాడయ్యాయి. సరే, ఎలాగూ పోయిందనుకుని నేను హాలు మెట్ల మీద కూర్చున్నాను. ఎండ ముదురుతుండగా మావాళ్ళు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకుని కొందరు, నడుచుకుంటూ కొందరు రావడం మొదలైంది. కుట్లు పూర్తిగా మానని మేస్త్రీ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా నడిచొచ్చాడు. అప్పటికే నేను అక్కా అని పిలుస్తున్న ఆవిడ కూడా ప్రార్థన ముగించుకుని తనవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. మేం గెలిచింది వేళ్ళ మీద లెక్కపెట్టేంత తేడాతోనే. బావ ఆనాటి నుంచి ఈనాటి వరకూ నాతో ఏం చెప్పాలన్నా నా భార్య ద్వారానే చెబుతాడు.

వంతులు మొదలుపెట్టి ఐదు నెలలు కూడా కాలేదు, కంపెనీకి కాంట్రాక్టు అయిపోయి నన్ను ఇంటికి పంపించేశారు. విమానంలో కూర్చున్నప్పుడు నా గుబులంతా ఉద్యోగం గురించి కాదు, ఆ వంతుల కాగితం గురించే. మూడేళ్ళు ఊళ్ళో ఉండి మళ్ళీ ఇంకో వీసా మీద వచ్చాను. వచ్చిన పది రోజులకే మోకాలు వాచి, ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే ఆసుపత్రికి వెళ్ళాను. వరుసలో నిలబడ్డానో లేదో, నేనెన్నడూ చూడని మనిషి ఒకడు దగ్గరికొచ్చి, "ఏ క్యాంపు అన్నా? బుగులు వడకు, నేనున్న," అన్నాడు. డాక్టరు దగ్గర నా నొప్పి నాకంటే బాగా చెప్పాడు. మందులు నా చేతిలో పడ్డాకే కదలాలని మా అధ్యక్షురాలమ్మ ఆర్డరన్నాడు. నా పేరు అడిగి పుస్తకంలో రాసుకున్నాడు, ఆ పేరు అతనికి ఏమీ గుర్తు చేయలేదు. ఒక్క క్షణం మనసు చివుక్కుమంది, దాచడమెందుకు. ఆ వెంటనే కళ్ళు నిండాయి. నేనెవరో అతనికి చెప్పలేదు.

ఇప్పుడు కాలం మారింది. మాట్లాడితే అరబ్బీలోకి మార్చి పలికే ఫోన్లొచ్చాయి, మావాళ్ళు వాటిని కౌంటరు ముందు పెట్టి పనులు చక్కబెట్టుకుంటున్నారు, మంచిదే. సంఘంలో జోడీలను పోస్టరు మీద ఎవరి ఫొటో బాగుంటుందో చూసి కలుపుతున్నారు. వంతులు ఒక్కరొక్కరుగా తగ్గిపోయి ఎప్పుడు ఆగాయో కూడా ఎవరూ చెప్పలేరు. నొప్పి చెప్పడానికి ఫోను చాలుతుంది కానీ, ఆపరేషన్ గది బయట బల్ల మీద అది కూర్చోదు కదా. అక్క ఏడాది కిందట ఊరికి వెళ్ళిపోయింది, కీళ్ళ నొప్పులతో నడవలేకపోతోంది. పోయిన గురువారం ఫోన్ చేసి అన్ని కబుర్లూ అయ్యాక, "ఈ వారం వంతు ఎవరిది తమ్ముడూ?" అని అడిగింది. వంతులే లేవని ఆవిడకు చెప్పడానికి నోరు రాలేదు. "నాదే అక్కా," అన్నాను. మరి అన్నాక వెళ్ళకుండా ఎట్లా, పొద్దున్నే లేచి ఆసుపత్రికి వెళ్ళాను.