ప్రతిసారీ ఈ వైపే

రేవు దగ్గర మొదలై, సంతల మీదుగా గనుల కొండ దాకా పాకే ఆ రాష్ట్ర రహదారి చరిత్ర ప్రభుత్వం దగ్గర ఎలా ఉందో కానీ, టైలరమ్మ ఇంట్లో మాత్రం గదుల లెక్కన ఉంది. రాళ్లబండ్ల బాటకు తారు పోసినప్పుడు అరుగు పోయింది. బాటకు నంబరు ఇచ్చి రహదారి అన్నప్పుడు ముందుగది పోయింది. గనుల లారీల కోసం వెడల్పు చేసినప్పుడు వంటగది పోయింది. పోవడమేమిటి, తీసుకున్నారు. మిగిలిన ఒక్క గదిలో కుట్టుమిషను, అత్తగారి మంచం. లారీ వెళ్తే సూదిలో దారం వణుకుతుంది.

ఇప్పుడు మళ్లీ వెడల్పు చేయాలని రోడ్ల శాఖ ఇంజనీరు ఆ గది గోడకూ ఎర్ర గుర్తు పెట్టిస్తున్నాడు.

"ఇక నా మంచం రోడ్డు మధ్యలోనే. టోలు నేనే వసూలు చేస్తా," అంది లోపల్నుంచి అత్తగారు.

టైలరమ్మకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోతుంటే వెళ్లి ఇంజనీరుకు అడ్డం నిలబడింది.

"ప్రతిసారీ మా వైపే ఎందుకు కోస్తారు సార్?"

"రోడ్డు మధ్య నుంచి రెండు వైపులా సమానంగానేనమ్మా."

"ఏ మధ్య? ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ గోడ ఏడాదికింత ముందుకొస్తోంది. అది జరిగినప్పుడల్లా మీ రోడ్డు ఇటు ఒరుగుతోంది. పాత కిలోమీటరు రాయి వాళ్ల గోడ లోపలుంది, రండి చూపిస్తా."

ఇంజనీరు అటు తల తిప్పలేదు.

"నాకు తెలుసమ్మా. ఆ గోడ జోలికి వెళ్లొద్దని పైనుంచి చెప్పారు."

తెలియనివాడికైతే చెప్పవచ్చు. తెలిసే చేస్తున్నవాడికి ఏం చెప్పాలి?

వారం తిరక్కుండా గది కూలింది. అత్తగారిని ఆడపడుచు తీసుకెళ్లింది. టైలరమ్మ మాత్రం కదల్లేదు. మిషను రోడ్డు దాటించి, ఐసు ఫ్యాక్టరీ గోడకే టార్పాలిన్ కట్టి, దాని కింద వేసుకుంది.

వాచ్‌మన్ కుర్చీలోంచే కసిరాడు. "ఇది మా ఓనరుగారి స్థలం. ఖాళీ చెయ్."

"స్థలం కాదు నాయనా, రోడ్డు. నువ్వు కూర్చున్నదీ రోడ్డు మీదే. లారీ వస్తే పక్కకు తప్పుకో."

ఓనరే వచ్చాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు.

"పిలవండి బాబూ. కొలిచేవాళ్లను కూడా తీసుకురమ్మనండి."

ఆయన పిలవలేదు. ఎండలో, దుమ్ములో, లారీల హారన్ల మధ్య ఆమె అక్కడే కుడుతోంది. గోడ మాత్రం ఆ రోజు నుంచి ఒక్క అంగుళం ముందుకు రాలేదు.