తప్పు కాజాలో పడ్డ గుండీ

మాస్టారు పోయారని మొన్న పొద్దున్న ఫోనొచ్చింది. నమ్మలేదు. ఏ కబురైనా ఇద్దరి నోట విన్నాకే నమ్మమని నేర్పింది ఆయనే. ఇంకొకరికి చేశాను. నిజమేనట. పాడు నిజం.

పుట్టింది కె. కోటపాడు రైతింట్లో. అనకాపల్లి కాలేజీలో ఆర్థిక చరిత్ర చెప్పి రిటైరయ్యారు. బీమాలు, ఆరోగ్య కార్డులు లేని రోజుల్లో రోగమొస్తే పేదవాడు ఎలా గట్టెక్కాడన్నది ఆయన పరిశోధన. దానికోసమే కశింకోట దగ్గర మా ఊరికి షేర్ ఆటోలో వచ్చి, "మనిషి మంచాన పడితే చెరకు గానుగ ఎవరు ఆడేవారు? బెల్లం ఎవరు వండేవారు?" అని ఇంటింటా అడిగేవారు. వంతులేసుకుని వాడి పని ఊరే చేసిపెట్టడం మాకు తాతల నాటి అలవాటు. అయినా నోరు విప్పితే ఒట్టు!

"బీమా కంపెనీవోడే. రోగాలు కనిపెట్టి రేపు పైసా రాకుండా సేత్తాడు, సూడే," అంది మా అమ్మ. ఊరందరిదీ అదే అనుమానం. ఆయన ఆటో దిగితే చాలు, దగ్గేవాళ్ళు పెరట్లోకి, మూలిగేవాళ్ళు గదిలోకి.

మా నాన్నకు అప్పటికే గుండెలో నొప్పి. రోగం బయటపడితే బీమా పోతుందని ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. మాస్టారు వస్తున్నారనగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు.

"నాకేటి బాబూ? దుక్కలా ఉన్నాను."

మాస్టారు ఆ చొక్కావైపే చూశారు. గుండీలన్నీ తప్పు కాజాల్లో ఉన్నాయి.

"అనుమానపడ్డం నా పని బావా. మనిషి సెప్పింది సగం, దాసింది సగం. ఆ గుండీలెందుకు తప్పు కాజాల్లో పడ్డాయి? నన్ను నమ్మకు, పర్లేదు. డాక్టరు కాడికి మాత్రం పద."

వచ్చిన ఆటోలోనే నాన్నను ఎక్కించుకుపోయారు. ఆ ఏడు మా చెరకు ఊరే ఆడింది. మాస్టారు బెల్లం పొయ్యి దగ్గర చేరి, అందరికీ అడ్డం పడుతూ ప్రశ్నలేశారు. నాన్న బతికాడు. అమ్మ మాత్రం కాఫీ ఇస్తూనే, "ఇంకా ఏటో కనిపెడతన్నాడు," అని గొణిగేది.

నాన్న రోగం ఇట్టే కనిపెట్టిన మనిషి తన రోగం అందరి దగ్గరా దాచారు. ఆ కోపం నాకింకా పోలేదు.

పోయిన నెల చిక్కిపోయారని విని, కొత్త బెల్లం పట్టుకుని నాన్నా నేనూ వెళ్ళాం. వరండాలో తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నారు.

"నాకేటి బావా? దుక్కలా ఉన్నాను," అని నవ్వారు. నేనూ నవ్వేశాను.

నాన్న నవ్వలేదు. బెల్లం కింద పెట్టి, ఆయన ముందు వంగి, చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాడు. మాస్టారు గడ్డం పైకెత్తి కూర్చున్నారు.